పచ్చ పరదా కుట్టిన మాస్టారు

మా సందులో టైలర్ మాస్టారు పోయారు. మొన్న పొద్దున్న షాపు షట్టరు ఎత్తుతుంటే మసీదు మైకులో ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు వినపడింది. వేళ కాని వేళ మైకు పలికితే పాతబజారులో అందరికీ అర్థమైపోతుంది. షట్టరు సగంలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. పేరు చెప్పారు, ఏ సందో చెప్పారు, ఏ నమాజు తరవాత తీసుకెళ్తారో చెప్పారు. లోపల నుంచి మా ఆయన "ఎవరేటి?" అని అడిగాడు. "మాస్టారు" అన్నాను.

ఎత్తిన షట్టరు మళ్ళీ దించేశాను. ఆ రోజు షాపు మూయడానికి పెద్దగా ఆలోచించాల్సిన పని కూడా లేదు, తెరిచినా వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఎందుకు లేరో చెప్పకుండా మాస్టారి గురించి చెప్పడం కుదరదు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. మాస్టారి గురించి మంచి మాటలే రాస్తాను. మిగతావాళ్ళ గురించి హామీ ఇవ్వలేను.

మా సందుని దర్జీల సందు అంటారు. పాతబజారు పెద్ద రోడ్డు మీద నుంచి లోపలికి తిరుగుతుంది. చివర్లో కొండ అడ్డం, కొండ మీదకి ఇరుకు మెట్లు. అంటే బండి రావాలన్నా, జనం రావాలన్నా, పెళ్ళివారు రావాలన్నా రోడ్డు వైపు నుంచే రావాలి. ఇంకో దారి లేదు. మాస్టారి షాపు సందు మధ్యలో, పైన ఇల్లు. మాది సందు మొదట్లో, రోడ్డు పక్కనే, మ్యాచింగ్ షాపు. లైనింగు గుడ్డ, ఫాల్సు, దారాలు, హుక్కులు, బొత్తాలు అమ్ముతాం. దర్జీలు బతికితేనే మేమూ బతుకుతాం.

నేను తగరపువలస దగ్గర పల్లె నుంచి కోడలిగా ఇక్కడికి వచ్చేసరికి సందుకి రెండు వైపులా మిషన్లే. హార్బరు కూలీల ఖాకీ చొక్కాలు, స్టీలు ప్లాంటు యూనిఫారాలు, పెళ్ళి జాకెట్లు, రంజానుకి కుర్తాలు. పక్కవాడితో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సి వచ్చేది. ఇప్పటికీ నా గొంతు పెద్దది అంటారు, ఆ మిషన్ల పుణ్యమే.

నా మొదటి జాకెట్టు మాస్టారే కుట్టారు. ఆడవాళ్ళ కొలతలు ఆయన భార్య తీసేది. ఆమెను మేమందరం ఆపా, అంటే అక్క, అంటాం. షాపులో ఒక మూల పూల గుడ్డతో పరదా కట్టి ఉండేది. పరదా లోపల ఆపా టేపు పట్టుకుని అంకెలు చెబుతుంటే, మాస్టారు ఇవతల గోడ వైపు మొహం పెట్టుకుని వినేవారు. పరదా ఉంది కదా అని ఇటు తిరిగి నిలబడేవారు కాదు. అదీ ఆయన మర్యాద.

జాకెట్టు తొడుక్కుని, కొత్తకోడలి ఉత్సాహం కదా, "భలే కుదిరింది మాస్టారూ" అన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఉతికినాక సెప్పు సెల్లెమ్మా" అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఈయనకేమిటి ఇంత బిగువు అనుకున్నాను. తరవాత తెలిసింది, ఎవరు మెచ్చుకున్నా ఆయన జవాబు అదేనని. ఒకసారి ఎందుకలా అంటారని అడిగితే చెవి మీదున్న సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టి చెప్పారు. "కొత్త గుడ్డ ఎవులు తొడుక్కున్నా బాగుంటాది. నీళ్ళలో పడ్డాక కుట్టు నిలబడిందా, గుడ్డ గుంజీసిందా, అప్పుడు తెలస్తాది ఎవుడు ఏటి కుట్టినాడో." ఆ జాకెట్టు చాలా ఏళ్ళు తొడుక్కున్నాను. గుడ్డ పలచబడి చిరిగిపోయింది గానీ కుట్టు ఊడలేదు.

ఆయన కత్తెర గురించి కూడా చెప్పాలి. వాళ్ళ నాన్నగారిది. గుడ్డ తప్ప ఇంకేదీ దానితో కోయకూడదు. ఒకసారి మా ఆయన అగరొత్తుల అట్టపెట్టె కోద్దామని ఆ కత్తెర మీద చెయ్యి వేస్తే, మాస్టారు కుడుతున్న మిషను ఆపి వచ్చి చెయ్యి పట్టుకున్నారు. "బావా, నువ్వు నా పీక కొయ్యి, ఏటీ అనను. దాంతో కాయితం కొయ్యకు. మొద్దైపోద్ది." నేను చెల్లెమ్మను కాబట్టి మా ఆయన ఆయనకి బావ.

తరవాత కాలం మారింది. జగదాంబ జంక్షన్ దాటి అటు వైపు పెద్ద పెద్ద షోరూములు లేచాయి. రెడీమేడ్ చొక్కా కొనుక్కుంటే కుట్టుకూలి కన్నా తక్కువలో వచ్చేస్తోంది. సందులో మిషన్లు ఒక్కొక్కటిగా ఆగాయి. ఒక దర్జీ మాల్ దగ్గర సెక్యూరిటీ గార్డు అయ్యాడు, ఒకతను ఆటో కొనుక్కున్నాడు. మాస్టారు మాత్రం పొద్దున్నే మిషనుకి నూనె వేసుకుని కూర్చునేవారు. ఆయనకి పెద్ద కోరికలేమీ లేవు. సందులో మిషన్ల చప్పుడు పూర్తిగా ఆగిపోకూడదు, తాను బతికుండగా తన షాపు మూతపడకూడదు. అంతవరకే ఆయన దువా.

ఆ సమయంలోనే మమ్మల్ని ఉద్ధరించడానికి మనుషులు వచ్చారు.

ఊరికి పెట్టుబడులు తేవాలి, పాత వ్యాపారాలకి కొత్త ఊపిరి పోయాలి అని నగరం పెద్దలు అనుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు. దానికోసం ఒక విభాగం పెట్టారు. దాని అసలు పేరు చాలా పొడుగు, మేం బజారాఫీసు అనేవాళ్ళం. దానికి ఒక ఆఫీసరమ్మ. చిన్న వయసు, ఎప్పుడూ నవ్వుమొహం, అందరినీ గారు అనే పిలిచేది. ఆమె నోటి వెంట ఒక్క పరుషమైన మాట నేను వినలేదు. మనిషిని నిలువునా కుంగదీయడానికి పరుషమైన మాటలు అక్కర్లేదని ఆమెను చూశాకే తెలిసింది.

సందులో కుర్చీలు వేసి మీటింగు పెట్టారు. "మీ సందు ఈ సిటీకి ఒక హెరిటేజ్ మాస్టర్ గారూ" అంది ఆఫీసరమ్మ. "ఇక్కడ మిషన్లు మళ్ళీ తిరగాలి. త్వరలో పెట్టుబడుల సదస్సు జరుగుతుంది. పెద్ద పెద్దవాళ్ళు వస్తారు. వాళ్ళ కార్లన్నీ ఈ రోడ్డు మీద నుంచే వెళ్తాయి. మనమంతా కలిసి మంచి ఇంప్రెషన్ ఇవ్వాలి."

మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. ఆయన మొహం అలా వెలగడం చాలా కాలానికి చూశాను. ఆ సాయంత్రమే పెయింటరుని పిలిచి బోర్డు మీద వెలిసిపోయిన అక్షరాలు మళ్ళీ రాయించారు. "వచ్చినోళ్ళలో ఒక్కడు జోబులో గుడ్డ ముక్క ఎట్టుకుని వచ్చినా సాలు సెల్లెమ్మా. వాడు తిరిగెళ్ళే లోపల సొక్కా కుట్టి సేతిలో ఎడతాను" అన్నారు. ఆయన గంపెడాశ చూసి నేను కూడా రెండు కొత్త రంగుల దారాలు తెప్పించాను.

కొన్నాళ్ళకి ఒక టెంపో వచ్చి సందులో ఆగింది. నిండా పచ్చగుడ్డ తాన్లు. మందం గుడ్డ, ముదురు ఆకుపచ్చ రంగు. "సదస్సు ఏర్పాట్లకి. అంతా బయట టెండరు ఇవ్వమన్నారు, కొంతైనా మన దర్జీలకి ఇవ్వాలని నేనే పట్టుబట్టాను" అంది ఆఫీసరమ్మ. మనిషి ఎత్తుకి రెట్టింపు ఎత్తు, సందు వెడల్పుకి మించిన పొడవు, అలాంటివి కుట్టి, పైఅంచుకి తాళ్ళు దూర్చడానికి రింగులు బిగించి ఇవ్వాలి.

సెక్యూరిటీ గార్డు సెలవు పెట్టి వచ్చాడు. ఆటో అతను ఆటోని ఇంటి దగ్గర వదిలేసి వచ్చాడు. మూలపడ్డ మిషన్ల మీద దుమ్ము దులిపారు. సందు మళ్ళీ మోగింది. నేను మళ్ళీ గొంతు పెంచి మాట్లాడాను. ఆపా మధ్యాహ్నాలు అందరికీ చాయ్ పంపేది. డబ్బులు ఎగ్గొట్టారని రాస్తానేమోనని మీరు అనుకోవచ్చు. లేదు. కూలి పూర్తిగా, చెప్పిన రోజుకే ఇచ్చారు. అందులో వంక పెట్టడానికి లేదు.

గుడ్డకి ఎదర వైపుని సీదా అనీ, కుట్లూ మడతలూ కనపడే లోపలి వైపుని ఉల్టా అనీ దర్జీలు అంటారు. మాస్టారు మొదటి రోజే అడిగారు. "మేడమ్, సీదా ఎటేపు ఉండాల?"

"నీట్‌గా ఉన్న వైపు రోడ్డుకి ఉండాలి మాస్టర్ గారూ. ఫోటోలు అటు నుంచే తీస్తారు."

పందిరికి వెనక గుడ్డ అనుకున్నాం. స్వాగత ద్వారం అని ఒకరు, స్టేజీ అని ఒకరు. ఆటో అతనికి తొందర. "పందిరి గుడ్డే గదా మాస్టారూ, పెద్ద కుట్టు ఏసీసి ఒదిలీద్దాం" అన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. "పందిరైనా మన సందు పేరు మీద పోతాది. సిన్న కుట్టే ఎయ్యి. అంచు రెండుసార్లు మడు." చెప్పి ఊరుకోలేదు, ప్రతి అంచూ పట్టుకుని లాగి చూశారు. నచ్చనివి విప్పించి మళ్ళీ కుట్టించారు. సముద్రం గాలికి నిలబడాలని మూలలకి లోపల అతుకు కూడా వేయించారు.

ఆఫీసరమ్మ వచ్చి చూసి "ఎక్సలెంట్ మాస్టర్ గారూ, చాలా బాగుంది" అంది. నేను అక్కడే ఉన్నాను. ఉతికినాక చెప్పమంటారని ఎదురుచూశాను. అనలేదు. చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆ రోజే ఆవిడ అతిథులకి బ్యాడ్జీలు చేయాలని అట్టలు తెచ్చుకుంది. అడగకుండా బల్ల మీద కత్తెర తీసుకుని కబుర్లు చెబుతూ అట్టలన్నీ కోసేసింది. మా ఆయన నా వైపు చూశాడు. మాస్టారు కత్తెర వైపే చూస్తూ కూర్చున్నారు. ఆమె వెళ్ళిపోయాక కత్తెరకి నూనె రాసి, ఒక పచ్చగుడ్డ ముక్క మీద కోసి చూసుకున్నారు. గుడ్డ తెగలేదు, నలిగింది. మర్నాడు సానబట్టించుకొచ్చారు.

సదస్సు రోజు సందు ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గులు పెట్టాం. మాస్టారు తెల్ల లాల్చీ వేసుకుని, మెడలో టేపు వేసుకుని మిషను దగ్గర కూర్చున్నారు. ఆపా గాజు గ్లాసులు తోమి పెట్టింది. రోడ్డు వైపు మనుషులు సరుగుడు కర్రలు పాతుతున్నారు. స్వాగత ద్వారమే అనుకున్నాం. తరవాత గుడ్డ దించారు. ఒక కర్ర నుంచి ఇంకో కర్రకి లాగి కట్టారు. సందు మొదట్లో ఈ గోడ నుంచి ఆ గోడ వరకూ. ఎండ ఆగిపోయింది. ముగ్గులు, మొహాలు, మాస్టారి తెల్ల లాల్చీ అన్నీ పచ్చగా అయిపోయాయి.

"ఏటిది, దారేది?" అని మా ఆయన గుడ్డ దగ్గరికి పరిగెత్తాడు. అవతల నుంచి ఎవరో "లోపలే ఉండండి, కార్లు వస్తున్నాయి" అన్నారు. పోలీసు విజిల్ వినపడింది. కార్లు వెళ్ళాయి. చాలా కార్లు. ఒక్కటీ ఆగలేదు. పచ్చగుడ్డ వెనక ముగ్గుల మధ్య నిలబడి ఆ చప్పుడు విన్నాం.

మాస్టారు లేచి వచ్చి గుడ్డ అంచు పట్టుకుని చూశారు. మా వైపు ఉల్టా ఉంది. కుట్లు, మడతలు, మూలల అతుకులు అన్నీ మా వైపు. అంచు వదలకుండానే అన్నారు, "మా షాపులో పరదా లోపలున్నోళ్ళ మర్యాదకి కట్టినాను సెల్లెమ్మా. ఇది బయటోళ్ళ మర్యాదకంట."

అవతలి వైపు దాని మీద ఒక ఫ్లెక్సీ కట్టారని తరవాత చూశాం. "రండి, చూడండి, మా నగరంతో ఎదగండి" అని రాసి ఉంది. రోడ్డు పొడుగునా మిగతా సందులకీ ఇలాంటి గుడ్డలే కట్టారు, కొన్ని మేం కుట్టినవి, కొన్ని బయటివి.

సదస్సు అయిపోయింది. గుడ్డ తీయలేదు. ఇంకో బృందం వస్తుందన్నారు. ఆ బృందం వెళ్ళాక వేరే దేశం వాళ్ళు వస్తారన్నారు. కరెంటు స్తంభానికీ గోడకీ మధ్య మనిషి ఒరుసుకుని దూరేంత ఖాళీ మాత్రం మిగిలింది. మేమందరం దానిలోంచే రాకపోకలు. కొత్తగా వచ్చేవాళ్ళకి అక్కడ ఒక సందు ఉందనే తెలియదు. పాతవాళ్ళు కూల్చేశారు కాబోలు అనుకుని వెళ్ళిపోయారు.

యారాడ నుంచి చేపలమ్మ ఒకావిడ వచ్చేది. గంప ఎత్తడానికి చెయ్యి ఆడాలి కాబట్టి ఆవిడ జాకెట్లకి చంక దగ్గర మాస్టారు వేరే ముక్క వేసేవారు. ఇంకెవరి జాకెట్టూ ఆవిడకి పనికిరాదు. ఒకరోజు గుడ్డ అవతల నుంచి ఆవిడ గొంతు. "ఓలమ్మ, ఇక్కడ సందుండాలి గదేటి? సందుని ఏటి సేసీసినారు?" స్తంభం పక్కన దూరమని నేను ఇటు నుంచి చెప్పాను. గంప చంకనేసుకుని దూరి వచ్చి, గుడ్డని కింద నుంచి పైదాకా చూసింది.

"సందుకి పైట కప్పీసినారేటి మాస్టారూ? సిగ్గుపడతందా?"

"సందుకి సిగ్గేటమ్మా" అన్నారు మాస్టారు. "మనల్ని సూసి ఊరు సిగ్గుపడతంది."

ఆవిడ నవ్వింది. మాస్టారు నవ్వలేదు. ఆ తరవాత ఆవిడ కూడా గంపతో దూరలేక రావడం మానేసింది.

మాస్టారు, మా ఆయన, నేను బజారాఫీసుకి కాళ్ళరిగేలా తిరిగాం. తిరిగిన ప్రతిసారీ కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఒకసారి మాస్టారు తిన్నగా అడిగేశారు. "మేడమ్, మిగతా సోట్ల కట్టిన గుడ్డలన్నీ తీసీసినారు గదా. మేం కుట్టినవే ఎందుకుంచినారు?"

ఆఫీసరమ్మ మొహం సంతోషంతో విప్పారింది. "అదే చెబుతున్నా మాస్టర్ గారూ. ఆ తీసేసినవన్నీ బయట కుట్టించినవి. గాలికి పీలికలైపోయాయి, బాగోలేదని తీసేశాం. మీరు కుట్టినవి చూడండి, ఎక్కడా ఒక్క దారం ఊడలేదు. అంత బాగున్నవాటిని తీసి పారేయమంటే పైవాళ్ళు ఒప్పుకోరు. నిజానికి మీ స్కిల్‌కి అవొక షోకేస్."

బయటికి వచ్చి ఆటో స్టాండు వైపు నడిచాం. మా ఆయన ఉండబట్టలేక "పెద్ద కుట్టు ఏసీసుంటే బాగున్ను బావా" అన్నాడు. మాస్టారు నడుస్తూనే అన్నారు, "అలగ కుట్టడం నాకు రాదు బావా."

ఆయన స్థానంలో ఇంకెవరున్నా ఏ చీకట్లోనో ఒక బ్లేడు పట్టుకుని గుడ్డని నిలువునా చీరేసేవారు. నేనైతే అదే చేసేదాన్ని. మాస్టారు పట్టపగలు నా షాపుకి వచ్చి, "పెద్ద బొత్తాలు ఉన్నాయేటి సెల్లెమ్మా, ఓవర్‌కోటుకి ఏసేలాటివి?" అన్నారు. పచ్చవి ఎక్కడో అడుగున పడి ఉంటే వెతికి ఇచ్చాను. సుద్దతో గీత గీసి, వాళ్ళ నాన్నగారి కత్తెరతో గుడ్డని కోశారు. కోసి అలా వదిలేయలేదు. చొక్కా ముందు భాగానికి వేసినట్టే ఒక వైపు పట్టీ వేశారు, ఇంకో వైపు పట్టీ వేశారు. ఒకదానికి కాజాలు తీశారు, ఒకదానికి నా బొత్తాలు కుట్టారు. కాజాలు చేత్తోనే కుట్టారు. పొద్దున్న బొత్తాలు విప్పితే దారి, ఎవరైనా పెద్దవాళ్ళ కార్లు వస్తున్నాయంటే బొత్తాలు పెట్టేస్తే గోడ.

ఊరంతా దాన్ని చూడటానికి వచ్చింది. బొత్తాల సందు అని పేరు కూడా పెట్టారు. చూడటానికి వచ్చినవాళ్ళు జాకెట్టు గుడ్డలు తెచ్చారు. చేపలమ్మ గంప నెత్తిన పెట్టుకునే దర్జాగా లోపలికి వచ్చింది. ఆ కొద్ది రోజులూ మాస్టారి మిషను ఆగలేదు. ఒకావిడ ఆ తలుపు చూసి "భలే కుట్టినారండి" అంటే, "ఉతికినాక సెప్పండమ్మా, వానలు రానీండి" అన్నారు. అది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

వానల కన్నా ముందు ఆఫీసరమ్మ వచ్చింది. బొత్తాలు పెట్టి చూసింది, విప్పి చూసింది. కాజాలో వేలు పెట్టి "ఎంత ఫైన్ వర్కో" అంది. తరవాత అదే నవ్వుతో, "కానీ ఇది పబ్లిక్ ప్రాపర్టీ కదా మాస్టర్ గారూ. కోసినందుకు కేసు పెట్టమని పైనుంచి చెప్పారు. మీ వయసు చూసి నేనే వద్దన్నాను. మూసేస్తే సరిపోతుందని ఒప్పించాను" అంది.

నేను కలగజేసుకుని మూయాలంటే మీ మనుషుల చేత మూయించుకోండన్నాను. నా గొంతు సందంతా వినపడింది.

"వేరేవాళ్ళు కుడితే మచ్చ పడుతుందమ్మా. రోడ్డు వైపు నుంచి కనపడకూడదు. మాస్టర్ గారే చెయ్యాలి" అంది.

ఆయన లోపలికి వెళ్ళి సూది, దారం, స్టూలు తెచ్చుకున్నారు. ముందు బొత్తాలు ఒక్కొక్కటీ తీసి నా చేతిలో పెట్టారు. "మళ్ళీ అమ్ముకో సెల్లెమ్మా. కొత్తవే." పట్టీలు విప్పారు. కోసిన రెండు అంచుల్నీ దగ్గరికి తెచ్చి, అదే గుడ్డలోంచి లాగిన పోగులతో రఫ్ఫు చేయడం మొదలుపెట్టారు. పోగుని పోగుతో కలుపుతూ. ఆఫీసరమ్మ కుర్చీ తెప్పించుకుని అయ్యేదాకా కూర్చుంది. పైకిటికీలో ఆపా నిలబడి చూసింది. కావాలంటే ఆయన వంకరగా కుట్టవచ్చు, దారం ఉండ కట్టించవచ్చు, రోడ్డు వైపు ఒక గాటు కనపడేలా వదిలేయవచ్చు. నేను మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకుని అదే కోరుకున్నాను. ఆయనకి చేతకాలేదు. అయ్యాక ఆఫీసరమ్మ అటు నుంచీ ఇటు నుంచీ చూసి, ఎక్కడ కోశారో తెలియడం లేదని ఫోటో తీసుకుంది.

ఆ వారమే మాస్టారు మిషను మీద దుప్పటి కప్పేశారు. షాపు ఆయన చేతుల మీదే మూతపడింది. సీతమ్మధారలో ఒక బట్టల షోరూములో పని దొరికింది. మెట్ల కింద మిషను. రెడీమేడ్ ప్యాంట్లు పొడుగు తగ్గించడం. పొద్దున్నే స్తంభం పక్క నుంచి ఒరుసుకుంటూ దూరి వెళ్ళేవారు, సాయంత్రం అలాగే వచ్చేవారు. లాల్చీ భుజానికి ఎప్పుడూ గోడ సున్నం అంటుకుని ఉండేది. పని ఎలా ఉందని ఒకసారి అడిగాను.

"అక్కడ ఎవులూ బాగుందనరు సెల్లెమ్మా. అయిపోయిందా అంటారు."

నాకు ఆయన చెప్పిన ఆఖరి మాటల్లో అదొకటి. వానాకాలం వచ్చింది, పోయింది. తుపాను గాలికి మా షాపు రేకులు ఎగిరిపోయాయి. పచ్చగుడ్డ ఎగరలేదు. మొన్న తెల్లవారుజామున గుండె ఆగి మాస్టారు పోయారు. బజారాఫీసు వాట్సాప్ గ్రూపులో ఆఫీసరమ్మ "మన హెరిటేజ్‌కి తీరని లోటు" అని పెట్టింది. కింద దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మ.

మాస్టారిని పడుకోబెట్టిన జనాజా సందులోంచి కదిలింది. సెక్యూరిటీ గార్డు ఒక వైపు, ఆటో అతను ఒక వైపు, వెనక మసీదు మనుషులు. భుజాల మీద ఎత్తుకుని కలిమా చదువుకుంటూ వచ్చి, గుడ్డ ముందు ఆగిపోయారు. స్తంభం పక్కన మనిషి దూరగలడు, జనాజా దూరదు. వెనక కొండ మెట్లు నిటారుగా ఉంటాయి, ఇరుకు, అటూ కుదరదు.

"ఇక్కడే ఉండాలి గదా, మాస్టారు కోసిన తలుపు" అన్నాడు ఆటో అతను. "ఆ కుట్టు విప్పీద్దాం." ఇద్దరు ముగ్గురు ముందుకి వచ్చి గుడ్డ మీద చేతులు పెట్టి వెతికారు. కింద నుంచి పైకి, పై నుంచి కిందకి తడిమారు. దొరకలేదు. మా ఆయన నన్ను పిలిచాడు. ఆ తలుపు నా గుమ్మానికి ఎదురుగానే ఉండేది, బొత్తాలు నేనే ఇచ్చాను, కుట్టడం నేనే చూశాను. వెళ్ళి నా చేతులతో తడిమాను. గోటితో గీకాను. గుడ్డే తగిలింది, కుట్టు తగల్లేదు.

ఎవరో కత్తెర కోసం లేచారు. పైకిటికీలోంచి ఆపా అంది, "కొయ్యకండి. ఆయన కుట్టినాడు." గట్టిగా కూడా అనలేదు. కత్తెర కోసం లేచినతను ఆగిపోయాడు.

పైన తాళ్ళ ముళ్ళు వానలకి బిగుసుకుపోయి విప్పడానికి రావు, అందుకని గుడ్డని కింద అంచు పట్టుకుని ఎత్తారు, నేనూ ఒక పక్క పట్టుకున్నాను. కర్రలకి బిగించి కట్టింది కాబట్టి మోకాళ్ళ కన్నా పైకి లేవలేదు. భుజాల మీద ఉన్న మాస్టారిని దించారు. నడుము దాకా దించారు, చాలలేదు. ఇంకా దించారు. అవతల కొందరు రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని అందుకున్నారు. ఊరి దర్జీని నేల మీద పాకించినట్టు ఆ గుడ్డ కింద నుంచి అవతలికి జరిపారు. జరుపుతుంటే పరదా అంచు ఆయన తల దగ్గర నుంచి కాళ్ళ దాకా ఆయన మీద కప్పిన చాదరుని రాసుకుంటూ వెళ్ళింది. అవతల బస్సులు హారన్లు కొట్టాయి. తరవాత గుడ్డ కిందకి పడి మళ్ళీ సాఫుగా నిలబడింది. దాని కింద కాసేపు నడిచే కాళ్ళు కనపడ్డాయి, తరవాత అవి కూడా కనపడలేదు.

నేను అంచు వదల్లేదు. చేతిలో పట్టుకుని ఆయన లాగి చూసినట్టే లాగి చూశాను. ఉతికినాక చెప్పమనేవారు. వానాకాలమంతా తడిసింది, తుపానుకి నానింది, ఇప్పుడు మీ మీద నుంచి కూడా వెళ్ళింది. చెబుతున్నాను మాస్టారూ, ఒక్క కుట్టు ఊడలేదు.